పేము కుర్చీ దగ్గర మైకు

గొడుగు ఇంకా పూర్తిగా ముడవకుండానే ఆ అమ్మాయి గుమ్మంలో ఆగిపోయింది.

నాన్న కూర్చునే సోఫాలో, సరిగ్గా మధ్యన, ఒక నల్లటి పెట్టె చుట్టంలా కూర్చుని ఉంది. దాని పొట్టలోంచి గుమ్‌గుమ్‌మని ఒకటే మోత. ఎదుటి గోడ వారగా ఎవరో యువకుడు చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి పాకుతున్నాడు. ఒకచోట ఆగి, చెవి వాల్చి వింటాడు. పెదవి విరిచి మళ్ళీ రెండడుగులు పాకుతాడు.

“ఏం పోయిందండీ?” అని అడిగింది.

అతను తల ఎత్తలేదు. “బేస్ అండి. ఈ గదిలోనే ఎక్కడో ఉంది. దొరకడం లేదు.”

తరువాత తల ఎత్తాడు. ఎత్తినవాడు లేవడం మరిచిపోయాడు. గొడుగు కొసనుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా అతని చేతికి అంగుళం దూరంలో పడుతున్నాయి. లేచి మోకాళ్ళు దులుపుకుని, తను హోమ్ థియేటర్ బిగించడానికి షాపునుంచి వచ్చానని చెప్పాడు. ఆ పెట్టె సబ్‌వూఫర్. మనిషి కూర్చునే చోట దాన్ని పెట్టి, గోడల వెంట వెతుక్కుంటూ పోతే, ఎక్కడ బేస్, అంటే ఆ గుమ్మనే మోత, శుభ్రంగా వినబడుతుందో అక్కడికి దాన్ని మార్చాలి. అదీ పద్ధతి.

ఆ అమ్మాయి కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. పద్ధతి అనే మాట వింటే ఊరుకోలేదు. 

“మా షాపులో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, అక్షరాల అట్టని గోడకి తగిలిస్తాం. మీ లెక్కన అట్టని కూర్చోబెట్టి మనిషిని మేకుకి తగిలించాలన్నమాట.”

అతనికి కోపం రావలసిన చోట నవ్వు వచ్చింది, నవ్వాల్సిన చోట సిగ్గు వచ్చింది. రెండూ కలిసి దగ్గుగా బయటికొచ్చాయి. వంటింట్లోంచి అమ్మ తొంగి చూసి, ఆ వైర్ల అబ్బాయిని పని చేసుకోనివ్వవే అని కేకేసింది. ఆనాటినుంచి అతను ఆ ఇంట్లో వైర్ల అబ్బాయే.

ఇంతకీ ఆ సామాను తెప్పించింది ఆ అమ్మాయి నాన్న. వీధిలో అందరూ ఆయన్ని ఆపరేటర్ గారు అంటారు. సినిమా హాల్లో ఇరవయ్యారేళ్ళు ప్రొజెక్టర్ నడిపాడు. తెర మీద ఉరిమితే హాలంతా ఉలిక్కిపడేది. ఆయనకి మాత్రం కాబిన్ అద్దం వెనక మిషన్ తిరిగే రొద, అరచేయంత స్పీకర్లోంచి చీమ గొంతుతో ఆ ఉరుము. సెలవు రోజుల్లో వెళ్ళి హాల్లో కూర్చోవచ్చు కదా అని అమ్మ చాలాసార్లు అంది. సెలవు దొరికిన రోజున మళ్ళీ ఆ మెట్లెక్కాలని ఎవరికి ఉంటుంది? అలా అలా హాలు మూతపడిపోయింది. మధ్య వరసలో మధ్య సీట్లో కూర్చుని, చుట్టూ సౌండు కమ్ముకుంటుంటే ఒక్క సినిమా చూడాలన్న కోరిక మాత్రం ఆయనకి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు తన ఇంట్లో తన సోఫాలో అది తీరబోతోంది. ఆదివారం నాలుగింటికి మొదటి ఆట. పాత మేనేజర్‌నీ, గేటు దగ్గర నిలబడే ఆయన్నీ పిలిచేశాడు కూడా. నాలుగు రోజులుగా ఆయన కాలు నేల మీద నిలవడం లేదు.

వైర్ల అబ్బాయి సంగతీ అంతే. షాపువాళ్ళు తోడు లేకుండా ఒంటరిగా పంపిన మొదటి ఇల్లు ఇది. శుక్రవారం మధ్యాహ్నానికి బేస్ దొరికింది, బీరువా పక్కన. తెరకి రెండు పక్కలా రెండు స్పీకర్లు, తెర కింద మాటల కోసం ఒకటి, వెనక గోడకి రెండు. వైర్లు తివాచీ కిందుగా తీయాలి కాబట్టి సోఫాని వరండాలోకి మోయించాడు. ఖాళీ అయిన హాల్లో కుడివైపు కిటికీ దగ్గర ఒక పేము కుర్చీ మాత్రం మిగిలింది.

ఇక మైకు. చిన్న స్టాండు మీద బొటనవేలంత మైకు నిలబెడితే, ఒక్కో స్పీకరూ చప్పుడు చేస్తుంది. ఏది ఎంత దూరంలో ఉందో, ఎంత గట్టిగా పలుకుతోందో మైకు విని, స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్ యంత్రానికి చెబుతుంది. దగ్గరున్నదాన్ని యంత్రం కాస్త ఆపి, తగ్గించి, దూరంగా ఉన్నదాన్ని పెంచుతుంది. అన్ని వైపులనుంచీ సౌండు ఒకేసారి, ఒకే బలంతో వచ్చి చేరుతుంది. అందుకే మైకు కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి.

“ఎవరైనా ఒకసారి కూర్చుంటారా? చెవి ఎత్తు కొలవాలి.”

నాన్న వరండాలో సోఫా దులుపుతున్నాడు. ఉన్నది ఆ అమ్మాయే. ఉన్న కుర్చీ అదొక్కటే. రోజూ సాయంత్రం తను పుస్తకం పట్టుకుని కూర్చునే చోటే. కూర్చుంది. అతను టేపు పట్టుకుని వంగాడు. నేలనుంచి చెవి దాకా మూడడుగుల రెండంగుళాలు. చెవికి చిన్న తెల్లరాయి దుద్దు. టేపు మీద అంకె చూశాడు, దుద్దు చూశాడు, మళ్ళీ అంకె చూశాడు, అయినా అంకె గుర్తులేదు. మళ్ళీ కొలవాల్సి వచ్చింది.

“మీకు దగ్గరి చూపు బాగానే ఉందా?” అంది ఆ అమ్మాయి ముందుకే చూస్తూ. “ఒకసారి షాపుకి రండి.”

ఆమె లేవగానే కుర్చీ పక్కకి జరిపి, స్టాండు పెట్టి, మూడు కాళ్ళ దగ్గరా నేల మీద తెల్ల టేపు ముక్కలు అంటించాడు. మళ్ళీ పెట్టవలసి వస్తే తేడా రాకుండా అది అతని అలవాటు. ఫ్యాను ఆపాడు. నాలుగు నిమిషాలు ఎవరూ కదలకూడదనీ, చిన్న చప్పుడు వచ్చినా మళ్ళీ మొదటికొస్తుందనీ చెప్పి బటన్ నొక్కేశాడు. ఆ అమ్మాయి ఇంకా గదిలోనే ఉంది.

ఠప్‌మని మొదటి స్పీకరు మోగింది. ఆమె ఉన్నచోటే గోడకి అతుక్కుపోయింది. గాజులు గలగలమనకుండా రెండో చేత్తో పట్టుకుంది. అతను ఎదుటి గోడకి ఆనుకున్నాడు. మధ్యలో మైకు. చూడటానికి ఇంకేమీ లేదు కాబట్టి ఒకరినొకరు చూసుకున్నారు. చూపు తిప్పుకుంటే మెడ తిరుగుతుంది, మెడ తిరిగితే చప్పుడవుతుందేమోనని ఇద్దరికీ భయం. రెండో నిమిషంలో ఆమెకి తుమ్ము వచ్చింది. ముక్కు ముడిచింది, కళ్ళు మూసింది, బుగ్గలు పూరించింది, ఎలాగో మింగేసింది. అతనికి పొట్టలో పుట్టిన నవ్వు భుజాల దాకా వచ్చి ఆగింది. కిటికీ బయట వాన మాత్రం ఎవరి మాటా వినకుండా మళ్ళీ మొదలైంది, అయితే పిల్లిలా మెత్తగా.

దేవుడు మనకి రెండు చెవులిచ్చింది చప్పుడు ఏ పక్కనుంచి వస్తోందో తెలియడానికట. మనసు విషయంలో ఆ ఏర్పాటు ఎందుకు చేయలేదో ఆయనే చెప్పాలి. ఆ నాలుగు నిమిషాల్లో ఎటునుంచి ఏం వచ్చిందో ఇద్దరికీ తెలియలేదు.

సోఫా మళ్ళీ హాలు మధ్యకి వచ్చింది. ఆపరేటర్ గారు దులుపుకుని, చొక్కా సర్దుకుని, మధ్యలో కూర్చున్నాడు. ఎలా ఉందో చూడటానికి ఒక సినిమా పెట్టారు. అయిదు నిమిషాలకి ఆయన తల కొంచెం ఎడమకి వాలింది. పది నిమిషాలకి ఆపమన్నాడు. అంతా ఎడమ పక్కకే లాగుతోందన్నాడు, గుర్రాలు కూడా అటే పోతున్నాయన్నాడు.

శనివారం పొద్దున్నే వైర్ల అబ్బాయి వచ్చి వైర్లన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. టేపు గుర్తుల మీద మైకు పెట్టి మళ్ళీ కొలిచాడు. ఎడమకే లాగింది. సాయంత్రం వచ్చి ఎడమ స్పీకర్ని కుడికీ, కుడిదాన్ని ఎడమకీ మార్చాడు. అవే గుర్తుల మీద అదే మైకు. మళ్ళీ ఎడమకే. కొలత ఎక్కడ మొదలైందో అక్కడే తప్పుందని అతనికి తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ ఇంటికి మూడోసారి రావడం అతనికి కష్టంగానూ లేదు. పని పూర్తయిందని ఆపరేటర్ గారు కాగితం మీద సంతకం పెట్టేస్తే, నాలుగోసారి ఏ మొహం పెట్టుకుని వస్తాడు?

దేవుడా, ఈ తప్పు దొరకాలి, కానీ ఇవాళే దొరక్కూడదు, అనుకున్నాడు. ఇలాంటి ప్రార్థన వింటే ఆయన నవ్వుకుంటాడో, మొహం తిప్పుకుంటాడో మనకి తెలియదు.

ఆ అమ్మాయి మాత్రం టీ ఇచ్చిన ప్రతిసారీ ఒక చురక జోడించి ఇచ్చింది. బేస్ దొరికింది సరే, కుడిపక్క ఎక్కడ పారేశారని అడిగింది. మీ షాపువాళ్ళు మిమ్మల్ని ఎడమచేతి వాటం చూసి తీసుకున్నారా అంది. అతను కూడా ఊరుకోలేదు. మీ షాపులో ఎవరికీ తప్పు నంబరు అద్దాలు ఇవ్వలేదా అన్నాడు. ఇచ్చాం, అయినా వాళ్ళని మూడుసార్లు తిప్పలేదు, ఒక్కసారికే సరిచేసి పంపాం అంది.

శనివారం వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, మాటల్లో వేళాకోళం తీసేసి అడిగాడు.

“మీకెలా వినిపిస్తోందండీ, నిజంగా?”

ఆమె పేము కుర్చీలో కూర్చుని ఉంది. పుస్తకం పేజీ తిప్పింది. సౌండు గురించి నాకేం తెలుసు అంది.

ఆదివారం పన్నెండు దాటింది. వైర్ల అబ్బాయి సామానంతా మళ్ళీ విప్పి నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. షాపునుంచి వేరే రిసీవర్ తెచ్చి మార్చనా అని అడిగాడు. ఆపరేటర్ గారు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కాసేపు నల్ల తెర వంకే చూశాడు.

“మార్చకు బాబూ. ఇరవయ్యారేళ్ళు మిషన్ పక్కన నిలబడ్డాను. మిషన్ ఉండేది నా కుడిపక్క. నీ సామాను మంచిదే అయ్యుంటుంది. నా కుడిచెవే పోయి ఉంటుంది.”

పిలిచినవాళ్ళకి ఫోన్ చేసి, ఇవాళ కుదరడం లేదని చెప్పేస్తానని లేచాడు.

కిటికీ దగ్గర పుస్తకం మూసిన చప్పుడైంది.

ఆగు నాన్నా, అంది ఆ అమ్మాయి. గొంతులో రోజూ ఉండే వేళాకోళం లేదు. యంత్రాన్ని రెండు రోజులు పరీక్షించారు, ఇప్పుడు మనిషిని పరీక్షిద్దాం అంది. వైర్ల అబ్బాయిని అన్నీ తిరిగి బిగించమంది. నాన్నని సోఫా మధ్యలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది. తెర కింది స్పీకర్లోంచి కాదు, రెండు పక్కల స్పీకర్లలోంచి ఒకే గొంతు వినిపించమంది. షాపులో అద్దం మార్చి మార్చి అడిగినట్టే అడగడం మొదలుపెట్టింది.

“గొంతు ఎటునుంచి వస్తోంది నాన్నా? వేలు పెట్టి చూపించు.”

వేలు ఎడమకి చూపించింది. ఆ అమ్మాయి ఆయన్ని సోఫాలో కుడి చివరికి జరిపింది. వేలు కొంచెం మధ్యకి వచ్చింది. ఇది బాగుందా, ఇందాకటిదా? ఇది నయం. స్టూలు వేసి ఇంకా కుడికి కూర్చోబెట్టింది. వేలు ఇంకొంచెం జరిగింది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి నాన్న చెయ్యి పట్టుకుని, కళ్ళు తెరవనివ్వకుండా, నాలుగడుగులు నడిపించి పేము కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆయన వేలు సూటిగా తెర మధ్యకి నిలిచింది.

“ఇదీ,” అన్నాడు ఆపరేటర్ గారు. “ఇలా ఉండాలి. ఇప్పుడే సరిచేశారా?”

కళ్ళు తెరిచాడు. తను ఎక్కడ కూర్చున్నాడో చూసుకున్నాడు. వైర్ల అబ్బాయి ఆ కుర్చీ కాళ్ళ పక్కన నేల మీద మూడు తెల్ల టేపు ముక్కల్ని చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ అతని చెవులు ఎర్రబడ్డాయి. అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. సోఫా వచ్చాక మైకు సోఫా దగ్గరికి రావాలి. రాలేదు. రెండు రోజులు, మూడు కొలతలు, ఒక్కసారీ రాలేదు. యంత్రం ఈ గదినంతా ఒక్క పేము కుర్చీ కోసం సర్దిపెట్టింది.

సాఫ్ట్‌వేర్ తప్పని ఒక్క ముక్క అంటే చాలు, ఆ ఇంట్లో ఎవరూ తిరిగి అడగరు. ఆ ముక్క నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్నది, తన చెవి పోయిందనుకుని స్నేహితులకి ఫోన్ చేయబోయిన మనిషి.

“తప్పు సామానుది కాదు సార్, మీ చెవిదీ కాదు. నాది.” మైకు ఎక్కడ పెట్టాడో, ఎక్కడ పెట్టాలో చెప్పాడు.

“మూడుసార్లా?” అన్నాడు ఆపరేటర్ గారు.

“మూడుసార్లూ సార్.”

“అంత పనివాడివి, ఎలా మరిచిపోయావు?”

అతను ఆ అమ్మాయి వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు. “చెవి ఎత్తు కోసం ఆవిడ అక్కడ కూర్చున్నారండి. కొలిచాక లేచి వెళ్ళారు. నా కళ్ళకి మాత్రం లేవలేదు. వినేవాళ్ళెవరంటే ఇప్పటికీ నాకు అక్కడే కనిపిస్తున్నారు. నా ఉద్దేశం చెడ్డది కాదు సార్. షాపుకి చెప్పి ఇంకొకర్ని పంపమంటే పంపిస్తాను.”

హాల్లో నిశ్శబ్దం. ఈసారి ఎవరూ బటన్ నొక్కలేదు.

“ఎవర్నీ పంపక్కర్లేదు,” అంది ఆ అమ్మాయి. “సగం తప్పు నాది. ఆ కుర్చీలో బ్రహ్మాండంగా వినబడుతోందని నాకు శుక్రవారమే తెలుసు నాన్నా.”

అమ్మ, మరి అప్పుడే చెప్పవచ్చుగా అంది.

“చెబితే సరిచేసి వెళ్ళిపోతారుగా.”

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు. గబుక్కున పుస్తకం తెరిచింది. తలకిందులుగా తెరిచింది.

వైర్ల అబ్బాయి గుండె సబ్‌వూఫర్ లేకుండానే గుమ్మంది. అయితే ఆపరేటర్ గారి మొహంలో నవ్వు లేదు. పేము కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు.

“రెండ్రోజులు నా చెవి పోయిందనుకున్నాను తల్లీ. రాత్రి దిండు మీద గడియారం పెట్టుకుని, ఇటు విని, అటు విని చూసుకున్నాను.”

ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చి నాన్న మోకాలి దగ్గర కూర్చుని, నీకలా అనిపిస్తుందని తోచలేదు నాన్నా, తోచి ఉంటే ఒక్క పూట కూడా ఆగేదాన్ని కాదు అంది. అతను ఏం చేయాలో తెలియక స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

చివరికి అమ్మే కల్పించుకుంది. 

“పోనివ్వండి. చెవులు గుండ్రాయిలా ఉన్నాయని తేలిందిగా. మీకు బాగోలేనివి కళ్ళు. శుక్రవారంనుంచి ఇంట్లో జరుగుతున్నది నాకు వంటింట్లోంచి కనబడింది, మీకు హాల్లో కూర్చుని కనబడలేదు. అమ్మాయి షాపుకే వెళ్ళి చూపించుకోండి.”

ఆపరేటర్ గారు ముందు భార్య వంక చూశాడు. తరువాత కూతురి వంక, ఆ తరువాత స్టాండు పట్టుకున్న అబ్బాయి వంక. మూతి బిగించాడు గానీ మీసం ఆగలేదు, కదిలింది. గడియారం చూశాడు. రెండున్నర. ముందు పని కానివ్వమన్నాడు. నీ సంగతి తరువాత అన్నాడు.

వైర్ల అబ్బాయి తెల్ల టేపు ముక్కలు మూడూ పీకేశాడు. స్టాండు సోఫా మధ్యకి తెచ్చాడు. ఈసారి ఆపరేటర్ గారే కూర్చుని చెవి ఎత్తు కొలిపించుకున్నాడు, ఒకటికి రెండుసార్లు. ఫ్యాను ఆగింది. నలుగురూ నాలుగు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. నాలుగు నిమిషాలూ ఆ ఇద్దరూ నేల వంకే చూశారు, ఎందుకంటే ఆపరేటర్ గారు రెప్ప వేయకుండా వాళ్ళిద్దర్నే చూస్తున్నాడు.

పిలిచినవాళ్ళు రావడానికి ఇంకా గంట ఉండగానే, ముందు తనొకసారి చూసుకుందామని ఆయన మధ్యలో కూర్చున్నాడు. తెర మీద ఒక రోడ్డు, దాని మీద మబ్బు. ఉరుము ముందునుంచి పుట్టి, ఆయన తల మీదుగా దొర్లి, వెనక గోడ దాకా వెళ్ళింది. ఆ వెంటనే చుట్టూ వాన. ఆపరేటర్ గారు వెనక్కి తిరిగి, కిటికీ వేయమని భార్యకి చెప్పబోయి, బయట ఎండ కాస్తోందని చూసుకుని ఆగిపోయాడు. మళ్ళీ తెర వైపు తిరిగాడు. వెనకనుంచి చూస్తే ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగడం తెలిసింది, ఇరవయ్యారేళ్ళ డ్యూటీ అప్పుడే అయిపోయినట్టు.

“మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నారు బాబూ?” అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

అమ్మ, అన్నయ్య, వదిన ఉన్నారని అతను చెప్పాడు.

“వచ్చే ఆదివారం ఇంకో ఆట వేస్తాను. వాళ్ళని తీసుకురా. కూర్చుని మాట్లాడుకుందాం.” అప్పుడు కూతురి వైపు తిరిగాడు. “నీకిష్టమేనా తల్లీ?”

ఆ అమ్మాయి మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. 

“ఏ సినిమా వేస్తావు నాన్నా?” అని అడిగింది.

“ఏదైతేనేం,” అంది అమ్మ వంటింట్లోకి వెళుతూ. “ఆ రోజు సినిమా చూసేదెవరు గనక.”